అత్తమ్మ టాక్సీ తోమిన దసరా

మా అత్తమ్మ లెక్కలో లోకంలోని వస్తువులు రెండే రకాలు. తోమినవి, ఇంకా తోమనివి. తోమకూడనివి కూడా కొన్ని ఉంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పే ధైర్యం కామాటిపురలో మా గల్లీ మొత్తంలో ఎవరికీ లేదు. కొత్త కోడలిని, నాకు మొదలే లేదు.

ఆమెను అనడానికీ లేదు. మామయ్య తాపీ మేస్త్రీ. తాతల కాలంలో పాలమూరు నుంచి బొంబాయికి రాళ్లు మోయడానికి వచ్చిన కుటుంబం వాళ్లది. తాపీకి అంటిన సిమెంటును ఆ సాయంత్రమే వదిలించకపోతే తెల్లారేసరికి రాయవుతుంది. కాబట్టి మామయ్య పని నుంచి రాగానే ముందు తాపీని అత్తమ్మ చేతికిచ్చి, ఆ తర్వాత కాళ్లు కడుక్కునేవాడట. ఆమె ఇటుక ముక్కతో, కొబ్బరి పీచుతో రుద్ది దాన్ని తళతళలాడించేది. మేస్త్రీ పెళ్లాం పనిమంతురాలా కాదా అన్నది మరునాడు పని దగ్గర నలుగురూ ఆయన తాపీ చూసి తేల్చేవారట. ఆ పరీక్షలో అత్తమ్మ ఎన్నడూ తప్పలేదు.

నేను కాపురానికి వచ్చేసరికి మామయ్య లేడు, తాపీ ఉంది. ఏటా దసరా ముందు రోజు అత్తమ్మ దాన్ని గోడ మీది మేకు నుంచి దింపి, ముఖం కనబడేదాకా తోమి, పండగనాడు పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచేది. మా ఇంట్లో ఆయుధపూజ అంటే అదే. ఇటుక మొహం చూసి ఏళ్లు గడిచిన ఆ తాపీ కేవలం తోముడుకే అరిగి, అంచుల దగ్గర అప్పడమంత పల్చబడింది. ఇంకొన్ని దసరాలు పోతే పిడి ఒక్కటే మిగులుతుందని మా ఆయన అనేవాడు. ఆమె వినకుండా అనేవాడు.

మా ఆయన మేస్త్రీ కాలేదు, టాక్సీ డ్రైవరయ్యాడు. నల్లటి ఒళ్లు, పసుపు టోపీ, అప్పట్లో బొంబాయిలో ఎటు చూసినా కనబడే టాక్సీయే. బండి ఆయనది కాదు. ఒక ముసలి గుజరాతీ సేఠుది. పగలు మా ఆయన నడిపితే, రాత్రి ధారావిలో ఉండే ఇంకో తెలుగాయన నడిపేవాడు. సేఠుకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై ఈ వ్యాపారం చాలిద్దామనుకున్నాడు. బండిని, పర్మిటును ఈ ఇద్దరిలో ఒకరికే ఇస్తానని, ఎవరికన్నది దసరానాడు కొబ్బరికాయ కొట్టాక చెబుతానని అన్నాడు. ఇద్దరూ మంచి డ్రైవర్లే. ఇద్దరూ తాగరు. అలాంటప్పుడు సేఠు దేన్ని చూసి తేలుస్తాడంటే, బండిని ఎవరు ఎలా చూసుకుంటున్నారో చూసి.

ఎందుకంటే సేఠుకు ఆ బండి మీద ఉన్న ప్రేమ చూస్తే సేఠానీ మీద జాలేసేది. వచ్చినప్పుడల్లా జేబులోంచి రుమాలు తీసి చక్రం మీది వెండిరంగు మూత తుడిచేవాడు. డ్రైవరు ముందుండే నల్లటి పలక మీద, దాన్ని డాష్‌బోర్డు అంటారని నాకు అప్పుడే తెలిసింది, ఒక వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించేవాడు. దుమ్ము అంటితే ఏమీ అనేవాడు కాదు. ఆ వేలిని మాత్రం మా ఆయనకు చూపించేవాడు.

ఆ దసరాకు నెల ముందు మా ఇంట్లోకి పచ్చ పీచు వచ్చింది. అత్తమ్మ గ్రాంట్ రోడ్ అవతల ఒక ఇంట్లో గిన్నెలు తోమేది. ఆ ఇంటి అమ్మగారి తమ్ముడు దుబాయి నుంచి తెచ్చాడట, అరచేతంత, నాలుగు పలకలుగా కోసిన గరుకు గుడ్డ, పచ్చ రంగు. ఇప్పుడు ఏ కిరాణా కొట్లో చూసినా వేలాడుతూనే ఉంటుంది కానీ, అప్పటికి మా చాళ్లో, అంటే ఒక్కో కుటుంబానికి ఒక్కో గది ఉండే మా మేడలో, ఎవరూ చూసి ఎరగరు. పండగకు రవికె గుడ్డ ఇస్తానన్న అమ్మగారితో, అది వద్దు, ఆ పీచు ఇవ్వమని అడిగి తెచ్చుకుంది మా అత్తమ్మ. రవికె గుడ్డ వదులుకుని అంట్ల పీచు అడిగిన ఆడమనిషిని నేను ఈమెనొక్కదాన్నే చూశాను.

దాని మహిమ చూపించడానికి ఆమె గదుల ముందుండే పొడుగాటి గ్యాలరీలో నలుగురినీ పోగేసింది. పక్కగది వదిన మాడిపోయిన పాలగిన్నె తెచ్చింది. ఆ మాడు ఆమె పెళ్లినాటిదని అందరికీ తెలుసు. అత్తమ్మ పీచు తడిపి గట్టిగా రుద్దేసరికి అడుగు తెల్లగా బయటపడింది. వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ నెలంతా చాళ్లో మసి అనేది లేకుండా పోయింది. అత్తమ్మ స్టవ్వు తోమింది, ట్రంకు పెట్టె తోమింది, తలుపు గొళ్లెం తోమింది. చివరికి తోమడానికి ఏమీ మిగలక కొంచెం దిగులుగా ఉండేది.

దసరా ముందు రోజు మధ్యాహ్నం మా ఆయన బండి తెచ్చి కింద వెల్డింగ్ దుకాణం ముందు పెట్టాడు. పైకి వచ్చి అన్నం తిని, "బండి కడిగిన అమ్మా. రేపు పొద్దుగాల దండ ఏస్తె అయిపాయె," అని చెప్పి, క్షవరం చేయించుకుని దాదర్‌లో బంతిపూలు కొనుక్కొస్తానని వెళ్లాడు.

అత్తమ్మ గ్యాలరీ కడ్డీల మీంచి వంగి కిందికి చూసింది. చాలాసేపు చూసింది.

"కడిగిండట," అంది. "నీళ్లు సల్లి వచ్చిండు. గిదేం కడుగుడు పిల్లా? రేపు సేఠు వస్తడు. పనిముట్టు మొహం సూపియ్యాలె గద."

నేను బచ్చాల కోసం పూర్ణం ఉడికిస్తున్నాను. కదిలితే అడుగంటుతుంది. అందుకే ఆమె బకెట్టు, చింతపండు, ఇటుక పొడి పొట్లం, పచ్చ పీచు తీసుకుని మెట్లు దిగుతుంటే, ఎక్కడికని కూడా అడగలేదు. వెనకాలే పక్కగది వదిన కొబ్బరి పీచుతో దిగింది. కాసేపటికి కింది నుంచి గర్రుగర్రుమని చప్పుడు మొదలైంది. అది మధ్యమధ్యలో ఆగి, మళ్లీ ఇంకోచోట మొదలయ్యేది. పూర్ణం దగ్గరపడేదాకా అది వినబడుతూనే ఉంది.

నేను దిగేసరికి పని అయిపోయింది. నిజం చెప్పాలంటే బండి బ్రహ్మాండంగా ఉంది. తడితో నిగనిగలాడుతోంది. అత్తమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఒక్కొక్కటీ చూపించింది. చక్రాల మూతలకు చింతపండు, ఇటుక పొడి. తలుపుల మీది వెండిరంగు పట్టీలకు కొబ్బరి పీచు. స్టీరింగుకు, డాష్‌బోర్డుకు, వేగం చూపే ముల్లు తిరిగే అద్దానికి పచ్చ పీచు. డాష్‌బోర్డు మీద ప్లాస్టిక్ వినాయకుడు ఉంటే ఆయన్నీ ఊడదీసి తోమి మళ్లీ నిలబెట్టింది. పసుపు కప్పు ఒక్కటే బతికిపోయింది. అత్తమ్మ పొట్టి, చెయ్యి అందలేదు.

"సూడు, ఎట్ల మెరుస్తున్నదో," అంది. చీర కొంగు నడుముకు బిగించి ఉంది, మోచేతుల దాకా నల్లటి నీళ్లు. అంత సంతోషంగా ఆమెను నేను అంతకుముందు చూడలేదు. కొడుక్కి బండి వచ్చేసినట్టే మాట్లాడింది. తర్వాత దీపం పెట్టే వేళయిందని పైకి వెళ్లిపోయింది. వెల్డింగ్ దుకాణం ఆయన బయటికొచ్చి, నల్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, బండిని చూసి, మళ్లీ అద్దాలు దించుకుని లోపలికి వెళ్లాడు.

అప్పుడు తడి ఆరడం మొదలైంది.

ముందు స్టీరింగు. నల్లగా ఉన్నది కాస్తా విభూతి పెట్టుకున్నట్టు తెల్లబారింది. తర్వాత డాష్‌బోర్డు, ఒక మూల నుంచి ఇంకో మూలకు. దాని మీద గుండ్రంగా, గుండ్రంగా గీతలు, తాపీ తోమిన చేతివాటం అంతా అక్కడ అచ్చుపడింది. ముల్లు తిరిగే అద్దం నిజానికి అద్దం కాదు, ప్లాస్టిక్. అది మబ్బు కమ్మినట్టయి లోపలి ముల్లు కనబడటం మానేసింది. చక్రాల మూతల మీద వెండి పోయి కింది నుంచి ఇత్తడి రంగు తొంగిచూసింది. వినాయకుడి బంగారు కిరీటం తెల్ల కిరీటం అయింది. నేను, వదిన అలా నిలబడి చూస్తున్నాం. వదిన తన చేతిలోని పీచును మెల్లగా వెనక్కి పెట్టుకుంది.

మా ఆయన అప్పుడే వచ్చాడు. కొత్త క్షవరం, భుజం మీద బంతిపూల దండ. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు తీసి లోపల కూర్చున్నాడు. చాలాసేపు బయటికి రాలేదు. నాకు భయమేసింది. ఆయన అరిస్తే బాగుండుననిపించింది. దిగి, "ఇంట్ల కొబ్బరినూనె ఉన్నదా?" అని అడిగాడు. నేను తెచ్చిచ్చాను. పాత బనీను ముక్కతో డాష్‌బోర్డు అంతా నూనె పట్టించాడు, స్టీరింగుకూ పట్టించాడు. గీతలు మాయమై మళ్లీ నల్లగా నిగనిగలాడింది. బండి నిండా తల దువ్వుకున్న వాసన.

పైకి వెళ్లాక అత్తమ్మ అడిగింది, "ఎట్లున్నది బిడ్డా?"

"మస్తున్నది అమ్మా," అన్నాడు.

మరునాడు పొద్దున సేఠు తెల్లటి ధోవతిలో వచ్చాడు. ధారావి ఆయన కూడా వచ్చాడు. బానెట్ మీద కొబ్బరికాయ, నిమ్మకాయలు, వాటి పక్కన అత్తమ్మ పంపిన తాపీ. అత్తమ్మ రెండో అంతస్తు గ్యాలరీలో కొత్త చీర కట్టుకుని, కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. సేఠు కాయ కొట్టాడు. తర్వాత అలవాటు ప్రకారం తలుపు తీసి, డాష్‌బోర్డు మీద వేలు పెట్టి నడిపించాడు. వేలికి నూనె అంటింది. వాసన చూశాడు. రుమాలు తీసి డాష్‌బోర్డు తుడిచాడు. తుడిచినంత మేర తెల్లటి గీతలు బయటపడ్డాయి. ఇంకొంచెం తుడిచాడు. ఇంకొంచెం బయటపడ్డాయి. అలా ఆ ముసలాయన మా బతుకును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఓపిగ్గా తుడిచాడు.

ఎవరు చేశారని హిందీలో అడిగాడు. మా ఆయన నేనే అన్నాడు. పైకి చూడకుండా అన్నాడు. మోటు చెయ్యి నాయనా నీది అని, కోపం లేకుండా, చాలా బాధగా అన్నాడు సేఠు. దూద్‌పేడా ముక్క అందరితో పాటు మా ఆయన నోట్లో కూడా పెట్టాడు. తాళాలు ధారావి ఆయనకు ఇచ్చాడు. ఆయన మంచివాడు, తీసుకుంటూ తల ఎత్తలేకపోయాడు. మన జమ్మిలాగే అక్కడ ఇచ్చుకునే ఆప్టా ఆకును బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకున్నారు. బండి వెళ్లిపోయింది.

మా ఆయన తాపీని కొత్త రుమాల్లో చుట్టుకుని మెట్లెక్కుతుంటే నేను వెనకే ఉన్నాను. ఇప్పుడు చెబుతాడనుకున్నాను. చెప్పాలని కూడా గట్టిగా కోరుకున్నాను. అత్తమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"ఏమన్నడు సేఠు? బండి యాడికి పోయింది?"

మా ఆయన చెప్పులు విడుస్తూ, వంగినవాడు వంగినట్టే ఉండి అన్నాడు, "సేఠుకు దిల్ ఖుష్ అయింది అమ్మా. ఇంత సాఫ్ గాడీ ఎన్నడు సూడలేదన్నడు. ఎవ్వరికి ఇయ్యబుద్ధి అయితలేదట. ఇంట్లనే పెట్టుకుంటడట."

అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "అయ్యో," అంది. తర్వాత, "మరి గంత మంచిగ తోమితి గద," అంది.

బండి ధారావిలో ఉంటుంది కనుక ఆమె కంట పడదు. మా చాళ్లో నల్లా దగ్గర పుట్టిన మాట మూడో అంతస్తు చేరడానికి బిందె నిండేంత సేపు కూడా పట్టదు. అలాంటిది ఆ ఒక్క సంగతి మాత్రం ఎవరూ ఆమె ముందు ఎత్తలేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే అందరూ నోరు కట్టుకున్నారు.

ఆమె మాత్రం కట్టుకోలేదు. వచ్చినవాళ్లకు, పోయినవాళ్లకు, ఊరి నుంచి కూలికి దిగిన చుట్టాలకు, చివరికి కూరగాయల బండివాడికి కూడా చెప్పేది. "నేను తోమిన బండి సూసి సేఠుకు పాణం ఆగలే. ఇస్తనన్నోడు ఇయ్యకుండ తనే పెట్టుకున్నడు," అని. మా ఆయన పక్కనే ఉంటే ఇంకా గట్టిగా చెప్పేది. ఆయన కంచంలోకి తల దించుకుని అన్నం కలిపిందే కలిపేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఈమె తోముడు వల్ల ఆయన ఇవాళ ఒకరి బండి, రేపు ఒకరి బండి బదులు డ్రైవరుగా తిరుగుతున్నాడు, బండి దొరకని రోజు ఉత్త చేతులతో వస్తున్నాడు, ఈమె చూస్తే కథలు చెబుతోంది. ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నా వైపు చూసేవాడు. నేను గిన్నెల మీద చూపించేదాన్ని కోపం.

ఆ రోజుల్లో ఒక సంగతి నేను చూసి కూడా పట్టించుకోలేదు. పచ్చ పీచును అత్తమ్మ వదినకు ఇచ్చేసింది. చెయ్యి నొస్తున్నదని చెప్పింది.

ఎనభైల చివరికొచ్చేసరికి మా ఆయనకు ఎలాగోలా సొంత బండి అమరింది. పాతదే, కానీ లోపలంతా కొత్తగా వేయించాడు. డాష్‌బోర్డు అద్దంలా ఉంది. ఇంటికి తెచ్చిన రోజు అందరం ఏడ్చాం, అత్తమ్మ తప్ప. ఆమె కిందికి దిగి, బండి చుట్టూ తిరిగి, చెయ్యి తగలకుండా చూసి పైకి వచ్చింది.

దసరా దగ్గరపడింది. మా ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. ఆ ముందు రోజు బండిని ఫాక్‌లాండ్ రోడ్డు అవతల ఎక్కడైనా దాచి, గ్యారేజీలో ఉందని చెబుదామన్నాడు. పండగపూట బండి గ్యారేజీలో ఉందంటే ఆమె గ్యారేజీకే వెళ్లి తోముతుందని నేనన్నాను. చివరికి ఇంట్లో తోమడానికి పనికొచ్చే ప్రతి వస్తువునూ మాయం చేయాలని నిర్ణయించుకున్నాం. కొబ్బరి పీచు మంచం కిందికి పోయింది. ఇటుక పొడి కిటికీలోంచి పోయింది. చింతపండును బియ్యం డబ్బాలో అడుగున పూడ్చిపెట్టాను. ఇద్దరు పెద్దవాళ్లం, ఒక ముసలామె నుంచి చింతపండు దాచుకుంటున్నాం.

మధ్యాహ్నం అత్తమ్మ బకెట్టు తీసుకుని మెట్లు దిగింది. మా ఆయన చేతిలోని టీ అలాగే వదిలి ఆమె వెనక పరుగెత్తాడు. ఈసారి పొయ్యి మీద ఏమున్నా సరే అని నేనూ పరుగెత్తాను.

ఆమె చేతిలో పీచు లేదు. తన పాత నూలు చీర ఉంది. ఉతికి ఉతికి, చేత్తో ముట్టుకుంటే వెన్నలా ఉండే చీర, అంతకు మించి మెత్తటిది మా ఇంట్లో లేదు. దాన్ని నిలువునా చింపి, ఒక ముక్క తడిపి, నీళ్లు కారకుండా పిండి, డ్రైవరు సీట్లో కూర్చుని డాష్‌బోర్డు తుడవడం మొదలుపెట్టింది. పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడుస్తోంది. ఒక్కచోటా నొక్కడం లేదు. తాపీ అరగదీసిన చేతులకు అంత నెమ్మది వచ్చని నాకు తెలియదు.

పక్కగది వదిన పైనుంచి చూసి, సాయం చేద్దామని పచ్చ పీచుతో దిగి వచ్చింది. ఆవిడకు బుద్ధి రాలేదు.

అత్తమ్మ తల తిప్పకుండానే అంది, "అది వద్దే. గీతలు పడ్తయి."

మా ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అత్తమ్మ ఇంకో మడత మార్చి ముల్లు తిరిగే అద్దం తుడిచింది. తర్వాత కొడుకు వైపు చూడకుండా బకెట్టు ముందుకు జరిపి, "నీళ్లు మార్చుకొని రా బిడ్డా," అంది. ఆయన బకెట్టు తీసుకుని గబగబా నల్లా వైపు వెళ్లిపోయాడు.

నేను ఉండబట్టలేక అడిగాను, "ఎప్పుడు తెలిసింది అత్తమ్మా?"

"ఆ దినం పొద్దుగూకంగనే. నూనె సీస సగమైంది. నా కొడుకు ఎన్నడన్న తలకు నూనె పెట్టిండా?"

"మరి ఇన్నేళ్లు అందరికీ అట్లా ఎందుకు చెప్పుకుంటూ వచ్చినవు?"

ఆమె గుడ్డ పిండి, ఈ బండిలోని వినాయకుడి కోసం శుభ్రమైన చివర వెతుక్కుంది.

"వాడు నా కోసం గంత పెద్ద అబద్ధం ఆడిండు. నేను నమ్మిన్నని వానికి ఎట్ల తెలవాలె? నలుగురికి చెప్తెనే గద," అంది.

ఆయన నీళ్లు తెచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నల్లా దగ్గర ముఖం కూడా కడుక్కున్నానన్నాడు. ఆమె నమ్మింది. నేను పైకి వెళ్లి బియ్యం డబ్బా అడుగు నుంచి చింతపండు తీసి, రాత్రికి చారు పెట్టాను.